ఎడమ కాలి బూటు

కిందటి వారం కాశీవిశ్వనాథం గారిని చింతపండు బుట్టల మధ్య వెల్లకిలా వదిలేసి వచ్చాం. పాపం, ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి ముగ్గురు మనుషులు కావలసివచ్చారు. చొక్కాకు అంటుకున్న చింతపండు వదిలించడానికి ఇంకో పూట పట్టింది. అందువల్ల ఈ వారం కథ సోమవారం నుంచి మొదలవుతుంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవారికి రెండు ముక్కల్లో సంగతి చెబుతాను. గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులు. ఆ పని మీద వచ్చిన ఒక దొర బదిలీ అయి పోతూ పోతూ తన సామాను వేలం వేయించాడు. రాజమండ్రి బజారులో బెల్లం, చింతపండు టోకున అమ్మే కాశీవిశ్వనాథం గారికి మూత తీయని పెట్టెల మీద పాట పాడటం ఒక సరదా. పాడి, ఇంటికి తెచ్చి మూత తీస్తే అందులో పన్నెండు జతల ఇనుప చట్రాలున్నాయి. ఒక్కోదానికి నాలుగేసి చెక్క చక్రాలు. బూటు అడుగున వాటిని బిగించుకుని గచ్చు నేల మీద జారుతూ తిరగాలట. దొరలూ దొరసానులూ సాయంత్రం పూట చేసే పని అదేనట.

"ఈ మాత్రం నేను తిరగలేనా!" అన్నారు కాశీవిశ్వనాథం గారు. ఆ మాట ఇంట్లో అని ఉంటే బాగుండేది. కన్యకా పరమేశ్వరి గుడి మండపంలో, పెద్దలందరి ముందు అన్నారు. ఎదురుగా కూర్చున్నది స్వయానా ఆయన భార్య కన్యకమ్మ గారి అన్నగారు, పొగాకు వర్తకుడు నాగేశ్వరప్రసాద్ గారు. ఆయన మీసం కింద నవ్వుకుని, "వయసు యాభై రెండు. బరువు ఎనిమిది మణుగులు. మా అందరి ముందు మీ గిడ్డంగిలో మూడు చుట్లు తిరిగేలోపల పడితే?" అని అడిగారు. "పడితే దసరా నాటి మొదటి తాంబూలం మీరే పుచ్చుకోండి" అని ఈయన అనేశారు. ఆ గుడిలో మొదటి తాంబూలం మూడు తరాలుగా కాశీవిశ్వనాథం గారి ఇంటిది. తాతగారు పుచ్చుకున్నారు, తండ్రిగారు పుచ్చుకున్నారు, ఆయన ముప్ఫై ఏళ్ళుగా పుచ్చుకుంటున్నారు. దాన్ని తీసుకెళ్ళి నాలుగు చెక్క చక్రాల మీద పెట్టారు.

మొన్న శనివారం ఆయన సాధన కోసం తన గిడ్డంగిలో మొదటిసారి చక్రాలు కట్టుకుని నిలబడ్డారు. సగం చుట్టు తిరిగేసరికి ఎడమ బూటు పక్కకు ఒరిగింది. తర్వాత చింతపండు. లేచి కూర్చోగానే ఆయన అన్న మొదటి మాట, "ఆ యెహెజ్కేలుకు బూటు కుట్టడం రాదు" అని. తన గుమాస్తా చిట్టియ్యను పిలిచి, ఆ బూట్లు కుట్టినవాడికే తిప్పి పంపమన్నారు.

నవరాత్రుల దీక్షలో ఉన్న ఇల్లు కనుక చిట్టియ్య తోలు ముట్టుకోకుండా ఆ బూట్లను ఒక పొడుగాటి కర్రకు వేలాడదీసుకుని ఆదివారం ఉదయం బయల్దేరాడు. చిట్టియ్యకు డెబ్భై ఏళ్ళు. సమయం చూసి పరువు తీసేంత కొంటెతనం ఆయనకు లేదు. ఆయన నడక అంతే. సరిగ్గా లూథరన్ చర్చిలో ఆరాధన ముగిసి జనమంతా మెట్లు దిగుతున్న వేళకు అక్కడికి చేరాడు. యెహెజ్కేలు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో పాటల పుస్తకంతో, పాదిరిగారితో మాట్లాడుతున్నాడు. ఇద్దరి మధ్యకీ కర్ర వచ్చింది, కర్ర చివర బూట్లు వచ్చాయి. "బాగోలేవట" అన్నాడు చిట్టియ్య. చెవుడు గలవాడు కనుక గట్టిగానే అన్నాడు.

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు యెహెజ్కేలు ఆ బూట్లు చంకలో పెట్టుకుని కాశీవిశ్వనాథం గారి వీధి అరుగు ముందు నిలబడ్డాడు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, పొట్టి, మాట నెమ్మది. రాత్రంతా ఏమనాలో అనుకుంటూ ఉన్నాడని అతని కళ్ళే చెబుతున్నాయి.

కాశీవిశ్వనాథం గారు అరుగు మీద పీట వేసుకుని కూర్చున్నారు. అప్పుడే స్నానమైంది, నుదుట కుంకుమ తడి ఆరలేదు. నడుముకు వెచ్చటి ఇటుక కాపడం పెట్టుకుని ఉన్నారు.

"నా కుట్టులో తప్పుందన్నారటండి" అన్నాడు యెహెజ్కేలు.

"అన్నాను. మళ్ళీ అంటాను. బూటు ఇటు పోయింది, కాలు అటు పోయింది, మధ్యలో నేను పోయాను."

యెహెజ్కేలు బూట్లు కింది మెట్టు మీద నిలబెట్టాడు. ఎడమ బూటు పై అంచును ఒక వేలితో నెట్టాడు. అది నిద్ర ముంచుకొచ్చినట్టు పక్కకు వాలిపోయింది.

"ఇంత మెత్తటి తోలుతో కుట్టమన్నది ఎవరండి?"

"నేనే. గట్టి తోలైతే కాలు కొరకదూ?"

"ఇంత వదులుగా కుట్టమన్నది?"

"అదీ నేనే. మా ఇంటా వంటా బిగుతు చెప్పులు లేవు."

"మరి ఈ కొలత పంపించింది?" అని యెహెజ్కేలు చొక్కా జేబులోంచి ఒక మడత పెట్టిన తెల్లగుడ్డ తీసి పరిచాడు. దాని మీద పసుపు రంగులో రెండు పాదాల అచ్చులున్నాయి. పసుపు నీళ్ళలో కాళ్ళు ముంచి గుడ్డ మీద నిలబడితే పడిన గుర్తులు. ఆ ఇంట్లో చెప్పులకు ఎప్పుడూ అలాగే కొలత ఇస్తారు. గుడ్డ చిట్టియ్య తీసుకెళతాడు, చెప్పులు చిట్టియ్య తీసుకొస్తాడు. కుట్టేవాడి చెయ్యి తొడిగేవాడి కాలికి తగలదు.

"నేనే పంపాను. శుభ్రంగా ఉందిగా పాదం. అయిదు వేళ్ళూ ఉన్నాయి."

"ఉన్నాయండి. చీలమండ ఎక్కడుందండి?"

కాశీవిశ్వనాథం గారు గుడ్డ వైపు చూశారు, తన కాలి వైపు చూశారు. "చీలమండ ఎక్కడుంటుందయ్యా? కాలి మీదే ఉంటుంది."

"అదేనండి. గుడ్డ మీద లేదు. చెప్పుకైతే అడుగు చాలండి. బూటు పిక్క దాకా పైకి వస్తుంది. మీరు అడుగు పంపించి పైదంతా నన్ను ఊహించుకోమన్నారు."

తలుపు వెనక గాజులు చప్పుడయ్యాయి. కన్యకమ్మ గారు వింటున్నారన్నమాట. నవ్వుతున్నారన్న సంగతి కూడా భర్తగారికి తెలిసింది. ఆయన గొంతు పెంచారు.

"మరి ఆ మాట కుట్టకముందే చెప్పకపోయావా?"

"చిట్టియ్యగారికి చెప్పానండి. మూడుసార్లు."

ఇద్దరూ చిట్టియ్య వైపు తిరిగారు. అరుగు చివర తమలపాకులు తుడుస్తున్న చిట్టియ్య తనను చూస్తున్నారని గమనించి, "ఆఁ, భోజనం అయిందండి" అన్నాడు.

ఇక్కడితో తగవు తీరిపోయి ఉండవలసింది. తప్పు చిట్టియ్య చెవుల మీద వేసి ఇద్దరూ పెద్దమనుషులుగా విడిపోవచ్చు. కానీ దసరా నాలుగు రోజుల్లో ఉంది. తాంబూలం ఇంకా చక్రాల మీదే ఉంది. కాశీవిశ్వనాథం గారు ఇటుకను రెండో వైపుకు మార్చుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"సరేనయ్యా. ఇప్పుడు ఏం చేస్తే నేను పడను?"

యెహెజ్కేలు కింది మెట్టు మీద కూర్చున్నాడు. పని సంగతి వచ్చేసరికి అతని కోపం ఎటో పోయింది. "వంతెన దొరలవి ఇలాంటివే ఆరు జతలు బాగుచేశానండి. ఒక్కోటీ విప్పి చూశాను. పదేళ్ళ పిల్లలకైతే మెత్తటి బూటు సరిపోతుంది. ఒళ్ళు తేలిక, కీళ్ళు లేత, పడినా నవ్వుతూ లేస్తారు. మీరు పెద్దవారు. ఎనిమిది మణుగులూ రెండు చీలమండల మీద ఆనుతాయి, కిందేమో చక్రాలు కుదురుగా ఉండనివ్వవు. చీలమండ పక్కకు వాలకుండా బూటే గట్టిగా పట్టుకోవాలండి."

"అయితే తోలెందుకు? టేకు చెక్కతో చేసెయ్యి. ఇక వాలదు."

"అదీ కుదరదండి. అంత బిర్రుగా ఉంటే మోకాలు వంగదు. మోకాలు వంగకపోతే మనిషి నిట్టనిలువునా వెనక్కి పడతాడు. బూటు పక్కకు వంగకూడదు, ముందుకు వంగాలి. మడమ లోపల లేవకూడదు, వేళ్ళు మాత్రం ఆడాలి. తొడిగినప్పుడు కొంచెం బిగుతుగా, 'ఇది నాకు చిన్నదేమో' అనిపించేట్టు ఉండాలండి. తోలు కాలికి అలవాటుపడ్డాక అదే సరిపోతుంది. చీలమండ దగ్గర నాలుగు పొరల తోలు చింతగింజల జిగురుతో అతికించి ఎండబెడతాను. కొయ్యంత గట్టిగా కాకుండా, మీ బరువుకు తగినంత గట్టిగా."

కాశీవిశ్వనాథం గారికి ఈ మాటలు నచ్చాయి. చింతగింజలు తన సరుకే కావడం ఇంకా నచ్చింది. "కుట్టెయ్యి మరి. ఇంకేం కావాలి?"

"కాలు కావాలండి."

"కాలా?"

"మీరు నిలబడి మోకాలు వంచుతుంటే నేను చీలమండ చేత్తో పట్టుకుని చూడాలి. ఎక్కడ వాలుతోందో, ఎంత వాలుతోందో."

కాశీవిశ్వనాథం గారు కాలు పంచె కిందికి లాక్కున్నారు. తోలు పని చేసే చెయ్యి తగిలితే ఆ కాలికి మళ్ళీ స్నానం కావాలన్నది ఆ ఇంటి ఆచారం. ఆ చెయ్యి కుట్టిన చెప్పు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తగిలి ఉండవచ్చు. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు తెలియదు. కట్టినవాళ్ళు చెప్పులు లేకుండా తిరిగినవాళ్ళు మాత్రం కారు.

"దీక్షలో ఉన్నానయ్యా" అన్నారు కాశీవిశ్వనాథం గారు, దాదాపు బతిమాలుతున్నట్టు.

"మొన్న బూట్లు తొడుక్కున్నారు కదండి."

"అది స్నానానికి ముందు. స్నానం ముందు చక్రాలు, స్నానం తర్వాత దీక్ష. అలా కుదుర్చుకున్నాను."

అప్పుడు కన్యకమ్మ గారు తలుపు వెనక నుంచి బయటికి వచ్చారు. చేతిలో దారపు ఉండ ఉంది. "నేను కొలుస్తాను ఉండండి. ఎక్కడెక్కడ చుట్టాలో చెప్పు యెహెజ్కేలూ" అని భర్త కాలి దగ్గర కూర్చున్నారు. ఉపాయం బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. కాశీవిశ్వనాథం గారికి కితకితలెక్కువ. ఈ సంగతి ముప్ఫై ఏళ్ళుగా ఆ దంపతుల మధ్యే ఉండిపోయింది. దారం మడమ వెనక్కి వెళ్ళిందో లేదో, బజారులో గంభీరంగా తిరిగే ఆ పెద్దమనిషి "హిహిహి" అని పీట మీద మెలికలు తిరిగిపోయారు. దారం తెగింది. రెండోసారి చుడితే ఆయన కాలు విదిలించారు. కుంకుమ భరిణె ఎగిరి చిట్టియ్య తమలపాకుల్లో పడింది.

"ఇది కొలత కాదండి" అన్నాడు యెహెజ్కేలు జాలిగా.

తర్వాతి ఉపాయం కాశీవిశ్వనాథం గారిదే. పట్టుకు మైల అంటదు కనుక కాలికి పట్టు ఉత్తరీయం చుట్టుకుంటానన్నారు. చుట్టుకున్నారు. అరుగు మీద స్తంభం పట్టుకుని నిలబడి మోకాలు వంచారు. యెహెజ్కేలు మెట్టు మీద నుంచే చెయ్యి చాచి, పట్టు మీదుగా చీలమండ పట్టుకోబోయాడు. అతని చెయ్యి పట్టు మీద జారింది. ఆయన కాలు పట్టులోపల జారింది. స్తంభం ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఈ వారం కూడా ఆయన్ని నేల మీదే వదిలేయవలసి వచ్చేది.

"చక్రాలు లేకుండా కూడా పడుతున్నారు" అన్నారు కన్యకమ్మ గారు.

కాశీవిశ్వనాథం గారి ముఖం కందిపోయింది. నవ్వులాట అయిపోయింది. "ఇక వద్దు. మా బావగారికే ఇచ్చేస్తాను తాంబూలం. మా నాన్నగారు పుచ్చుకున్న పళ్ళెం ముందు ఆయన కూర్చుంటాడు, నేను వెనక వరసలో కూర్చుని చూస్తాను" అన్నారు. కాలికి చుట్టిన ఉత్తరీయం విప్పి కళ్ళు ఒత్తుకున్నారు. ఆ దుఃఖం నిజమైనది. ఎంత చిన్న విషయానికైనా మనిషి నిజంగా ఏడ్వగలడు.

యెహెజ్కేలు తల దించుకున్నాడు. తల దించుకున్నవాడికి మెట్టు పక్కన విడిచిన చెప్పులు కనిపించాయి. కాశీవిశ్వనాథం గారివి, కిందటేడు యెహెజ్కేలు తండ్రి ఏసురాజు కుట్టినవి. ఈ వేసవిలో ఏసురాజు పోయాడు. తండ్రి కుట్టు చూసి చాలా రోజులైంది కనుక యెహెజ్కేలు ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. కుడిది చూశాడు. ఎడమది చూశాడు. మళ్ళీ కుడిది చూశాడు. రెండింటినీ మడమలు ఆనించి పక్కపక్కన మెట్టు మీద పెట్టాడు.

"అయ్యగారూ, ఈ ఎడమ చెప్పుది ఒక్క కుట్టు విప్పనా అండి?"

"విప్పుకో. అన్నీ విప్పుకో" అన్నారాయన నిస్పృహగా.

యెహెజ్కేలు మొలలోంచి చిన్న కత్తి తీసి మడమ పక్క దారం తెంపాడు. పై అట్టకూ అడుగు అట్టకూ మధ్య ఇంకో తోలు ముక్క బయటపడింది. మడమ దగ్గర అరవేలు మందం, ముందుకు వచ్చేకొద్దీ పలచబడి, వేళ్ళ దగ్గర లేనే లేదు. అంచులు గీరి గీరి నున్నగా చేసి ఉన్నాయి. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. కుడి చెప్పులో ఆ ముక్క లేదు.

"ఏంటది?" అన్నారు కాశీవిశ్వనాథం గారు. వర్తకులు కనుక వెంటనే, "నన్ను మోసం చేశాడా మీ నాన్న?" అని కూడా అడిగారు.

"తోలు ఎక్కువ వేసి మోసం చేసేవాళ్ళు ఉంటారాండి?" అన్నాడు యెహెజ్కేలు. "మీ ఎడమ కాలు కుడి కాలికంటే కాస్త పొట్టి అండి. అరవేలంత. మా నాన్న దాన్ని సరిచేస్తూ వచ్చాడు."

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. కాశీవిశ్వనాథం గారికి ఇరవై రెండేళ్ళప్పుడు కొవ్వూరు రేవులో పడవ దిగుతూ పలక మీద నుంచి జారిపడి ఎడమ కాలు విరిగింది. కొవ్వూరులోనే ఎముకలు కట్టే ఒక వైద్యుడు కట్టు కట్టాడు. మూడు నెలలకు లేచాక కొన్నాళ్ళు కాలు ఈడ్చినా, కొత్త చెప్పులు వచ్చేసరికి కుంటితనమన్న మాటే లేదు. ఆ వైద్యుడి చేతి మహిమకు కృతజ్ఞతగా ఏటా వేసవిలో ఒక బుట్టెడు మామిడిపళ్ళు రేవు దాటించి పంపేవారు. వైద్యుడు పోయాక ఆయన కొడుక్కి పంపుతున్నారు. ఆ కొడుకు వైద్యం కూడా చేయడు, పళ్ళు మాత్రం తింటాడు.

"అబద్ధం. నాకు కుంటితనం లేదు" అన్నారు కాశీవిశ్వనాథం గారు.

"బయట లేదండీ" అన్నారు కన్యకమ్మ గారు మెల్లగా. "ఇంట్లో ఒట్టి కాళ్ళతో నడిచేటప్పుడు మీ ఎడమ అడుగు దబ్బున పడుతుంది. పెళ్ళైన దగ్గర నుంచీ వింటున్నాను. వీధిలోకి దిగితే పడదు. బజారుకు వెళ్ళడమంటే మీకంత హుషారేమో అనుకున్నాను."

కాశీవిశ్వనాథం గారు పీట మీద నుంచి లేచి ఇంటి గుమ్మం దాకా నాలుగు అడుగులు వేసి వచ్చారు, చెవి ఒగ్గి. దబ్. దబ్. వచ్చి మళ్ళీ కూర్చున్నారు.

"మరి ఏసురాజుకు ఎలా తెలిసింది? నా కాలు ఎప్పుడూ చూడనైనా లేదే!"

"బాగుకు పంపిన అరిగిన చెప్పు చూస్తే తెలుస్తుందండి. కొత్తది కుట్టే ముందు పాతది చూడాలనేవాడు నాన్న. కాలు చెప్పనిది చెప్పు చెబుతుందట. నేను కుట్టిన బూట్లకు మీ గుడ్డ చూశాను గానీ పాత చెప్పు చూడలేదు. నిన్న నా పరువు పోయిందని ఏడ్చానండి. కానీ తప్పు నాది కూడా ఉంది." యెహెజ్కేలు ఆ తోలు ముక్కను చొక్కా అంచుతో తుడిచాడు. "ఎన్ని జతలు కుట్టినా మీ ఎడమ చెప్పు మాత్రం నాకిచ్చేవాడు కాదు. గోడ వైపు తిరిగి తనే కుట్టేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేవాణ్ణి."

"ఒక్కసారైనా చెప్పలేదేంటయ్యా?"

"చెబితే ఒప్పుకునేవారాండి?"

ఒప్పుకునేవారు కాదు. పైగా ఇంకొకడి దగ్గర కుట్టించుకునేవారు. అది కాశీవిశ్వనాథం గారికి బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ళు తన కాలిని ఒక మనిషి మోశాడు. ఏటా రెండు జతలు, జతకో తోలు ముక్క, ఒక్క మాట లేదు. మామిడిపళ్ళేమో రేవు దాటిపోయాయి. ఏసురాజు చనిపోయిన రోజున చిట్టియ్య ఆ కబురు చెబితే, "అయ్యో, ఇక చెప్పులెవరు కుడతారు?" అన్నది తానే. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి ఆయనకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది, చెవుల దాకా.

ఆయన ఇటుక పక్కన పెట్టారు. పంచె మోకాలి దాకా లాగి, ఎడమ కాలు చాచి, కింది మెట్టు దగ్గర కూర్చున్న యెహెజ్కేలు ఒడిలో పెట్టారు.

"చూడు" అన్నారు.

యెహెజ్కేలు రెండు చేతులతో చీలమండ పట్టుకున్నాడు. మోకాలు వంచమన్నాడు, తిన్నగా పెట్టమన్నాడు, మళ్ళీ వంచమన్నాడు. బొటనవేలితో ఎముక చుట్టూ నొక్కి చూశాడు. "ఇదిగోనండి. ఇక్కడ లోపలికి వాలుతోంది. పొర ఇక్కడ పడాలి" అన్నాడు. కన్యకమ్మ గారు భర్త ముఖంలోకి చూశారు. ఆయనకు కితకితలు రాలేదు.

"నాలుగు రోజుల్లో అవుతుందా?"

"రేపు ఎండ బాగుంటే అవుతుందండి. కానీ ఒక మాట. బూటు ఎంత బాగా కుట్టినా సగం బలం తాళ్ళు కట్టడంలో ఉంటుంది. వేళ్ళ దగ్గర వదులు, మీగాలు వంపులో బిగుతు, పైన మోకాలు ఆడేటంత. కొత్తవారికి చేతకాదు. ఆ రోజు తాళ్ళు నేనే కట్టాలండి. అక్కడే, గిడ్డంగిలో."

"అందరి ముందా?"

"అందరి ముందేనండి."

కాశీవిశ్వనాథం గారు జవాబు చెప్పే లోపల వీధిలో ఒంటెద్దు బండి ఆగింది. నాగేశ్వరప్రసాద్ గారు దిగారు. బావగారి నడుము నొప్పి పరామర్శించడానికి వచ్చారన్నమాట. పరామర్శకు వచ్చిన మనిషి ముఖంలో ఉండకూడనంత సంతోషం ఆయన ముఖంలో ఉంది. అరుగు వైపు రెండడుగులు వేసి, ఆగి, బావగారి కాలు ఎవరి ఒడిలో ఉందో చూశారు. సంతోషం రెట్టింపయింది.

"తాంబూలం మీరు పడితే పోతుందనుకున్నాను బావగారూ" అన్నారు. "పడకుండానే పోయేట్టుందే! దీక్షలో ఉన్న మనిషి కాలు అక్కడ పెట్టుకున్నాడని తెలిస్తే, పెద్దలు మిమ్మల్ని మండపం ఎక్కనిస్తారా?"

యెహెజ్కేలు చేతులు తీసేయబోయాడు. ఒడిలోని కాలు మాత్రం కదల్లేదు. ఎనిమిది మణుగుల మనిషి కాలు, ఆయనంతట ఆయన తియ్యకపోతే ఇంకెవరూ తియ్యలేరు.

"అన్నయ్యా, కాస్త పక్కకు జరుగు. వెలుతురుకు అడ్డం వస్తున్నావు. కొలత తీస్తున్నారు" అన్నారు కన్యకమ్మ గారు.

నాగేశ్వరప్రసాద్ గారు చెల్లెలి వైపు ఒకసారి, బావగారి వైపు ఒకసారి చూసి, మజ్జిగ కూడా పుచ్చుకోకుండా బండెక్కారు. ఆయన ఇల్లు కుడి చేతి వైపు. బండి ఎడమకు తిరిగింది. గుడి ఆ వైపే ఉంది.

పావుగంట గడవకముందే గుడి నుంచి మనిషి వచ్చి చిట్టియ్య చెవిలో అరిచి చెప్పి పోయాడు. చిట్టియ్య నెమ్మదిగా అరుగెక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి ఆయనకు ఒక్క ముక్క కూడా పొల్లు పోకుండా వినిపించింది.

"సాయంత్రం నాలుగింటికి పెద్దలంతా మండపంలో కూర్చుంటారటండి. తమరిని రమ్మన్నారు. ఈ యెహెజ్కేలును కూడా తీసుకురమ్మన్నారు. ఇతను గేటు బయట నిలబడితే చాలట. 'అయ్యగారి కాలు పట్టుకున్నావా లేదా' అని ఒక్క మాట అడుగుతారటండి. 'లేదు' అంటే తాంబూలం తమరిదే. 'అవును' అంటే ఈ దసరా నుంచే మీ బావగారిదట."

అందరూ యెహెజ్కేలు వైపు చూశారు. అతని ఒడిలో ఎడమ కాలు, పక్కన తండ్రి పెట్టిన తోలు ముక్క, వెనక మెట్టు మీద వాలిపోయిన బూటు.

"అడిగితే అబద్ధం చెప్పలేనండి" అన్నాడు.

కాశీవిశ్వనాథం గారు ఎడమ కాలు జాగ్రత్తగా తీసుకుని, పంచె సర్దుకుని, కుడి కాలు చాచి అదే చోట పెట్టారు.

"నిన్ను అబద్ధం చెప్పమన్నదెవరయ్యా?" అన్నారు. "ఒక్క కాలే పట్టుకుని అవునంటే అది సగం నిజమే అవుతుంది. ఇదీ చూడు."